ఖాళీ అయిన బడి: 'డీప్ స్పేస్ నైన్' మొదటి సీజన్ ముగింపు మీద ఒక పరిశీలన

అంతరిక్ష కథల గురించి దళిత అధ్యయనాల పత్రికలో రాయడమేంటని కొందరు మిత్రులు అడగొచ్చు. మన బడుల గురించి, మన హాస్టళ్ళ గురించి రాయాల్సింది ఇంత ఉండగా అమెరికా టీవీ సీరియల్‌తో మనకేం పని? నా జవాబు సూటిగానే చెప్తాను. ఈ సీరియల్ మొదటి సీజన్ ముగింపు కథంతా ఒక బడి చుట్టూ తిరుగుతుంది. ఆ బడిలో ముందు పాఠాన్ని ఆపాలని చూస్తారు, తర్వాత పిల్లల్ని తీసుకెళ్ళిపోతారు, ఆఖరికి బాంబు పెడతారు. ఈ క్రమం మనకు కొత్తది కాదు.

'స్టార్ ట్రెక్: డీప్ స్పేస్ నైన్' 1993 జనవరిలో మొదలై 1999 జూన్‌లో ముగిసింది. మొత్తం 7 సీజన్లు. బేజోర్ అనే గ్రహాన్ని కార్డాసియన్లు దాదాపు 50 ఏళ్ళు ఆక్రమించుకుని, గనుల్లోనూ ఖనిజం శుద్ధి చేసే చోటా అక్కడి జనంతో వెట్టిచాకిరీ చేయించారు. కథ జరిగే అంతరిక్ష కేంద్రం అలాంటి వెట్టి స్థలమే. ఆక్రమణదారులు వెళ్ళిపోయాక ఫెడరేషన్ అనే గ్రహాల కూటమి బేజోర్ పిలుపు మీద వచ్చి దాన్ని నడుపుతోంది. కేంద్రానికి అధికారి బెంజమిన్ సిస్కో. స్టార్ ట్రెక్ సీరియళ్ళలో ముఖ్య పాత్ర ఒక నల్లజాతి నటుడికి, ఏవరీ బ్రూక్స్‌కి, దక్కడం అదే మొదటిసారి.

కేంద్రం పక్కనే అంతరిక్షంలో ఒక సొరంగ మార్గం ఉంది. అందులో కాలానికి అతీతంగా బతికే జీవులున్నారు. సైన్సు వాళ్ళని వేరే రకం ప్రాణులంటుంది. బేజోర్ జనానికి మాత్రం వాళ్ళు ప్రవక్తలు, ఆ సొరంగం దివ్యాలయం. ఆ జీవుల్ని కలిసొచ్చిన సిస్కోని వాళ్ళు పంపిన దూతగా జనం నమ్ముతారు. సిస్కోకి ఆ నమ్మకం ఇబ్బందే.

1993 జూన్‌లో వచ్చిన చివరి భాగం పేరు 'ఇన్ ది హ్యాండ్స్ ఆఫ్ ది ప్రాఫెట్స్', అంటే ప్రవక్తల చేతుల్లో. రాసింది రాబర్ట్ హ్యూయిట్ వుల్ఫ్, దర్శకుడు డేవిడ్ లివింగ్‌స్టన్. కేంద్రంలో బడి నడిపే కీకో ఓబ్రయన్ పిల్లలకు సొరంగం గురించి సైన్సు పాఠం చెప్తుంటే విన్ అనే మతగురువు గుమ్మంలో నిలబడి వింటుంది. గొంతు పెంచదు. నవ్వుతూ, 'బిడ్డా' అన్నంత మెత్తగా మాట్లాడుతూనే ఇది దైవదూషణ అంటుంది. ఈ పాత్ర వేసిన లూయిజ్ ఫ్లెచర్ 1975 నాటి 'వన్ ఫ్లూ ఓవర్ ద కుకూస్ నెస్ట్' సినిమాలో నర్సుగా ఆస్కార్ తెచ్చుకున్న నటి. మెత్తటి గొంతుతో పెత్తనం ఎలా చేస్తారో ఆమెకి బాగా తెలుసు.

విన్ రాజీకి కూడా వస్తుంది. ప్రవక్తల గురించి చెప్పమని నేను పట్టుబట్టను, నువ్వు కూడా ఆ సొరంగం గురించి ఏమీ చెప్పకు, అసలు ఆ పాఠమే వదిలేద్దాం అంటుంది. కీకో ఒప్పుకోదు. నా దృష్టిలో ఈ భాగంలో అన్నిటికన్నా విలువైన సన్నివేశం ఇదే. పైకి ఇది ఇద్దరూ తలా ఒక అడుగు తగ్గినట్టు కనిపిస్తుంది. నిజానికి తగ్గేది ఒక్కరే. గుడి చేతిలో గుడి ఉంటుంది, ఇల్లు ఉంటుంది, వీధి ఉంటుంది. పాఠానికి ఉన్న చోటు బడి ఒక్కటే. అక్కడ మౌనంగా ఉండమనడమంటే మొత్తానికే లేకుండా పొమ్మనడం. 1925లో అమెరికాలోని టెనెసీలో జాన్ స్కోప్స్ అనే ఉపాధ్యాయుడి మీద పరిణామ సిద్ధాంతం చెప్పాడని కేసు నడిచింది. మన దేశంలో 2023లో కేసు కూడా అక్కర్లేకపోయింది. పిల్లల మీద భారం తగ్గిస్తున్నామన్న పేరుతో ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి సైన్సు పుస్తకంలోంచి పరిణామ సిద్ధాంతం పాఠం ఎత్తేశారు. విన్ అడిగిన రాజీ అలాంటిదే.

కీకో కాదన్నాక జరిగేది మనం బాగా ఎరిగిన సంగతి. బేజోరన్ తల్లిదండ్రులు పిల్లల్ని బడి మాన్పిస్తారు. అంగట్లో తీపి పుల్లలమ్మేవాడు కీకో భర్త ఓబ్రయన్‌కి సరుకు అమ్మడానికి ఒప్పుకోడు. ఇది సాంఘిక బహిష్కరణ. అమెరికా ప్రేక్షకులు దీన్ని చిన్న అవమానంగా తీసుకుని ఉండొచ్చు. 1991లో చుండూరులో హత్యాకాండకు ముందు దళితుల మీద బహిష్కరణ పెట్టారని తెలిసిన మనం అట్లా తీసుకోలేం. బహిష్కరణ ఎక్కడ మొదలవుతుందో, దాని వెనక ఏం నడిచొస్తుందో మన పల్లెలకు తెలుసు. ఈ భాగం కూడా అదే వరసలో నడుస్తుంది. అంగట్లో సరుకు లేదన్న తర్వాత బడిలో బాంబు పేలుతుంది. 1960లో అమెరికాలోని న్యూ ఆర్లియన్స్‌లో రూబీ బ్రిడ్జెస్ అనే ఆరేళ్ళ నల్లజాతి పాప బడిలో అడుగు పెడితే తెల్లవాళ్ళు తమ పిల్లల్ని తీసుకెళ్ళిపోయారు. ఏడాదంతా ఒకే టీచర్ ఆ పాప ఒక్కదానికే పాఠం చెప్పింది. 1848లో పూణేలో ఆడపిల్లలకు బడి పెట్టిన సావిత్రీబాయి ఫూలే మీద దారిలో పేడా మట్టీ విసిరేవాళ్ళు. మరుసటి ఏడాది ఆ దంపతులు మామగారిల్లే వదిలి పోవాల్సి వచ్చింది. బడిని ఓడించాలనుకునేవాళ్ళు పాఠంతో వాదించరు. పాఠం చెప్పేవాళ్ళ బతుకు మీద దెబ్బ కొడతారు.

ఇంకో మాట కూడా గమనించాలి. సిస్కో కింద పనిచేసే బేజోరన్ అధికారి కీరా ఒక దశలో రెండు బడులు పెడితే సరిపోతుందేమో అంటుంది. ఒకటి బేజోరన్ పిల్లలకు, ఇంకొకటి ఫెడరేషన్ పిల్లలకు. సిస్కో ఒప్పుకోడు. వేరు బడులు చెల్లవని అమెరికా సుప్రీంకోర్టు 1954లో బ్రౌన్ కేసులో తేల్చింది. ఆ చరిత్ర తెలిసిన ప్రేక్షకుడికి ఒక నల్లజాతి మనిషి ముందు ఈ ప్రతిపాదన పెట్టడం ఎంత బరువైన విషయమో తెలుస్తుంది. సీరియల్ మాత్రం ఆ మాట ఎత్తదు. 1998లో వచ్చిన 'ఫార్ బియాండ్ ద స్టార్స్' భాగం దాకా ఆగాలి. అందులో 1953 నాటి న్యూయార్క్‌లో ఒక నల్లజాతి రచయిత అంతరిక్ష కేంద్రానికి నల్లజాతి అధికారి ఉన్నట్టు కథ రాస్తాడు. ఆ కథ అచ్చయిన సంచికనే యజమాని నాశనం చేయిస్తాడు, రచయిత ఉద్యోగం పోతుంది. ఆ భాగానికి దర్శకుడు కూడా బ్రూక్సే.

మళ్ళీ మన కథలోకి వద్దాం. బాంబు పెట్టింది నీలా. ఓబ్రయన్ దగ్గర పని నేర్చుకుంటున్న బేజోరన్ అమ్మాయి. బడి కూలాక బరైల్ అనే ఉదారవాద మతగురువు కేంద్రానికి వస్తాడు. నీలా అతన్ని కాల్చబోతుంటే సిస్కో ఆపుతాడు. అప్పుడు అసలు సంగతి బయటపడుతుంది. ఖాళీగా ఉన్న 'కాయ్' పదవికి, అంటే బేజోర్ పీఠాధిపత్యానికి, బరైల్ పోటీదారు. అతన్ని బయటికి రప్పించడానికే బడి గొడవంతా. పాఠం ఒక సాకు, పిల్లలు ఒక ఎర. తప్పించుకునే దారి మూసుకుపోయిందని నీలా ముందే చెప్పుకుంటుంది. విన్ మాత్రం వెనక్కి తగ్గనివ్వదు. త్యాగం చెయ్యమనే గురువు తను మాత్రం ఏమీ వదులుకోదు. పట్టుబడింది నీలా. విన్ మీద సాక్ష్యం లేదు. 1994లో రెండో సీజన్ అయ్యేలోగా ఆమే 'కాయ్' అయి కూర్చుంటుంది. మతకల్లోలాల్లో కత్తి పట్టించేదెవర్నో, వేదిక మీద కూర్చునేదెవరో చూసినవాళ్ళకు ఇందులో వింతేం కనపడదు.

బరైల్ని కూడా వదిలిపెట్టకూడదు. బాంబుకు ముందు సిస్కో అతన్ని సాయమడగడానికి వెళ్తాడు. మంచివాడు, నవ్వుతూ మాట్లాడతాడు. కానీ ఇప్పుడు తనేమీ చెయ్యలేనంటాడు. రేపు పీఠం దక్కితే ఇంకా మంచి స్నేహితుణ్ణవుతానంటాడు. ముందు పదవి రానీ, తర్వాత మీ సంగతి చూద్దాం అనే మాట మన ఉద్యమాలు ఎన్ని పార్టీల ఆఫీసుల్లో విన్నాయో లెక్కలేదు. బడి కూలాకే అతను కదిలాడు.

సిస్కో కొడుకు జేక్ ఈ నమ్మకాలన్నీ తెలివితక్కువవని తీసిపారేస్తాడు. సిస్కో వాడిని సరిదిద్దుతాడు. ఆక్రమణ కాలంలో వాళ్ళకి ఊపిరి నిలిపింది ఆ విశ్వాసమేనని గుర్తు చేస్తాడు. ఇది మంచి మాట. అణగారినవాళ్ళ దేవుళ్ళని చూసి నవ్వే హేతువాదం మనకూ ఎదురైంది. మా ఊళ్ళో మా అమ్మ పోచమ్మకి బోనం ఎత్తుకునేది. యూనివర్సిటీకి వచ్చిన కొత్తలో దాన్ని వెనకబాటుతనమని ఎగతాళి చేసినవాళ్ళెవరూ సత్యనారాయణ వ్రతం మీద ఒక్క మాట అనలేదు. అయితే సిస్కో మాట సగం దగ్గర ఆగిపోతుంది. బానిసత్వంలో ధైర్యమిచ్చిన విశ్వాసం వేరు, స్వాతంత్ర్యం వచ్చాక గురువు చేతిలో శాసనంగా మారిన విశ్వాసం వేరు. అంబేద్కర్ 1936లో 'కుల నిర్మూలన'లో సూత్రాల మతాన్నీ నిబంధనల మతాన్నీ విడదీసి చూపించింది ఇందుకే. ఈ భాగం విన్‌ని చెడ్డ మనిషిగా చూపించింది గానీ గురువుల వ్యవస్థని ప్రశ్నించలేదు. మంచి గురువొస్తే అంతా బాగుంటుందన్న ఆశతోనే సరిపెట్టింది.

ఇంతకన్నా పెద్ద లోపం ఇంకొకటి ఉంది. 1993లో బేజోర్ జనమంతా ఒక్క ముద్ద. పీడితులు, భక్తులు, అంతే. వాళ్ళలో వాళ్ళకి పైనా కిందా ఉన్నాయని 1996లో నాలుగో సీజన్‌లో వచ్చిన 'అక్సెషన్' భాగంలో గానీ తెలియదు. బేజోర్‌లో 'జారా'లు ఉన్నాయట. పుట్టుకని బట్టి వృత్తి. కులమే. ఆక్రమణ మీద అందరూ పోరాడాలి కాబట్టి వాటిని వదిలేశారట. 200 ఏళ్ళ కిందటి కవి ఒకడు సొరంగంలోంచి ఊడిపడి, నేనే దూతని, జారాలు మళ్ళీ తెస్తానంటాడు. యోధురాలు కీరా తనది కళాకారుల కులమని కూర్చుని మట్టిబొమ్మ చెయ్యబోతుంది. చేతకాదు. శవాలకు పనిచేసే 'అంటరాని' కులంలో పుట్టిన ఒక గురువు పదవి వదలనందుకు తోటి గురువే అతన్ని చంపేస్తాడు. కుల వివక్ష తమ రాజ్యాంగానికి విరుద్ధమని ఫెడరేషన్ అంటుంది. చివరికి ప్రవక్తలే ఆ కవిని గతంలోకి పంపేస్తారు.

చంపబడ్డ ఆ గురువు గొంతు మనకు వినపడనే వినపడదు. కులం పోరాటంలో దానంతటదే పోయింది, గుర్తొచ్చినప్పుడు మళ్ళీ వచ్చింది, దేవుళ్ళు వద్దంటే మళ్ళీ పోయింది. కింది కులాలవాళ్ళు ఎక్కడా లేచి నిలబడరు. మట్టిబొమ్మ చెయ్యలేని కీరా బాధ ఉంది, శవాల దగ్గరికి తిరిగి పొమ్మన్నవాడి బాధ లేదు. కులాన్ని పై మెట్టు మీంచి చూస్తే ఇంతే కనపడుతుంది.

ఇది తెలిశాక మొదటి సీజన్ ముగింపుని మళ్ళీ చూస్తే కొన్ని ప్రశ్నలు లేస్తాయి. కీకో బడిలోంచి వెళ్ళిపోయిన పిల్లల్లో శవాలకు పనిచేసేవాళ్ళ బిడ్డలున్నారా? ఉంటే, విన్ పిలుపు మీద ఆ బిడ్డల్ని బడి మాన్పించినప్పుడు నష్టపోయిందెవరు? పెద్ద గురువుల పిల్లలకు గుడిలో చదువు దొరుకుతుంది. మిగతావాళ్ళకి ఆ బడే దిక్కు. జాతి గౌరవం పేరుతో, మతం పేరుతో బడి మూయించిన ప్రతిసారీ మొదట రోడ్డున పడేది మన పిల్లలే. సీరియల్ ఈ ప్రశ్న వేయలేదు. వేయడానికి కావలసిన సరుకంతా మాత్రం దాని దగ్గరే ఉంది.

తర్వాతి సీజన్ల ముగింపుల్లో యుద్ధాలున్నాయి. 1997లో అంతరిక్ష కేంద్రమే శత్రువుల చేతికి పోతుంది. అభిమానులు వాటినే గొప్పగా చెప్పుకుంటారు. ఉపాధ్యాయ మిత్రులకు నేను చెప్పేది ఈ చిన్న ముగింపునే చూపించమని. ముప్పావు గంట నిడివి, ఒక పీరియడ్‌లో అయిపోతుంది. చూపించాక పిల్లల్ని విన్ మంచిదా చెడ్డదా అని అడగొద్దు. ఖాళీ అయిన ఆ బెంచీల మీద ముందు ఎవరెవరు కూర్చునేవాళ్ళు, బడి మళ్ళీ తెరిచాక వాళ్ళలో ఎవరు తిరిగి రాలేకపోయి ఉంటారు అని అడగండి.