పన్నెండో మెట్టు

క్వాలిటీ సర్కిల్ ఫోరం చాప్టర్ సదస్సుల కాలం వచ్చింది. ఈ వారం జిల్లా పేజీలు తిరగేస్తే ఒకే రకం ఫొటో మళ్లీ మళ్లీ కనిపించింది: యూనిఫాంలో ఐదారుగురు కార్మికులు, చేతుల్లో షీల్డు, పక్కన మేనేజరు, కింద ‘క్వాలిటీ సర్కిల్ పోటీల్లో ఫలానా కంపెనీకి స్వర్ణం’ అన్న వార్త. ఒకే సదస్సు, ఎన్నో స్వర్ణాలు. అందరికీ బంగారమే అయితే ఇక పోటీ ఏమిటని పాఠకుడు అడిగితే తప్పుపట్టలేం. ఐఎస్ఓ సర్టిఫికెట్‌ను గేటు దగ్గర అద్దాల ఫ్రేములో బిగించి, లోపల పాత అలవాట్లనే సాగించే పరిశ్రమల గురించి ఈ కాలమ్‌లో చాలాసార్లు రాశాను. ఆ వరసలోనే ఈ పతకాలనూ తీసిపారేయాలనిపించింది. కానీ వాటి వెనక ఉన్న పద్ధతిని పరిశీలించినకొద్దీ నా ఫిర్యాదు వేరే చోటికి మళ్లింది.

క్వాలిటీ సర్కిల్ అంటే ఒకే పనిచోట ఉండే ఆరుగురి నుంచి పదిమంది దాకా, వారానికో గంట కూర్చుని, తమ పనిలో ఎదురవుతున్న చిక్కును తామే ఎంచుకుని, కొలిచి, కారణం పట్టుకుని సరిచేసుకునే బృందం. చేరడమూ మానడమూ వారి ఇష్టం. వారి కేస్ స్టడీని సదస్సులో బయటి సంస్థల నుంచి వచ్చిన జడ్జీలు విని మార్కులు వేస్తారు. నిర్ణీత మార్కులు అందుకున్న ప్రతి బృందానికీ స్వర్ణమే. ఆ కింద రజతం, కాంస్యం. జాతీయ సదస్సులో వీటి బదులు పార్ ఎక్సలెన్స్, ఎక్సలెన్స్ వంటి శ్రేణులు ఉంటాయి. ఒకరిని ఓడిస్తేనే మరొకరు గెలిచే పోటీ కాదిది; ప్రమాణాన్ని అందుకున్నారా లేదా అన్నదొక్కటే ప్రశ్న. బాయిలర్ దగ్గర ఆవిరి లీకేజీని ఆపిన బృందాన్నీ, క్యాంటీన్‌లో అన్నం వృథాను తగ్గించిన బృందాన్నీ పక్కపక్కన నిలబెట్టి నువ్వు ఒకటి, నువ్వు రెండు అనడానికి ఏ కొలబద్దా లేదు. మనుషులకు ఏటేటా ర్యాంకులు వేయడాన్ని అమెరికా గణాంకవేత్త డెమింగ్ పరిశ్రమల ప్రాణాంతక వ్యాధుల్లో ఒకటిగా లెక్కగట్టాడు. ఆ మాటను నమ్మేవారు స్వర్ణాల సంఖ్య చూసి చిరాకుపడటం తగదు. తన ఇష్టంతో, ఉన్న పనికి తోడుగా మరో పని నెత్తినేసుకున్న మనిషిని ‘నువ్వు ఏడో స్థానంలో ఉన్నావు’ అని ఇంటికి పంపితే వచ్చే ఏడాది అతను రాడు.

నాణ్యతా సంఘాల చరిత్ర మొత్తం ఇలా తమంతట తాము ముందుకొచ్చిన మనుషుల చరిత్రే. అమెరికాలో రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఆయుధ కర్మాగారాల కోసం గణాంక నాణ్యతా నియంత్రణ తరగతులు నడిచాయి. వాటిలో నేర్చుకున్నవారు ఊరూరా చిన్న సంఘాలు పెట్టుకున్నారు. అలాంటి 17 స్థానిక సంఘాలు కలిసి 1946లో జాతీయ సంఘంగా ఏర్పడ్డాయి. ముందు పుట్టింది ఊరి సంఘం. ఢిల్లీ నుంచో వాషింగ్టన్ నుంచో దిగివచ్చిన శాఖ కాదు. అదే ఏడాది జపాన్‌లో శాస్త్రవేత్తల, ఇంజనీర్ల సంఘం జూసే పుట్టింది. 1950లో అది పిలిస్తే వెళ్లి పాఠాలు చెప్పిన డెమింగ్, ఆ పాఠాల పుస్తకం మీద తనకు రావలసిన రాయల్టీని సంఘానికే వదిలేశాడు. 1951 నుంచి ఇస్తున్న డెమింగ్ బహుమతికి మూలధనం అదే. 1962లో జపాన్ నాణ్యతా నిపుణుడు ఇషికావా కవోరు, ఆయన సహచరులు ఫోర్‌మన్ల కోసం ఒక పత్రిక మొదలుపెట్టారు. ఫోర్‌మన్ తన జేబులోంచి కొనుక్కోగలగాలని దాని ధర తక్కువగా ఉంచారు. ఆ పత్రికను కలిసి చదువుకునే బృందాలే క్వాలిటీ సర్కిళ్లయ్యాయి. మరుసటేడు సెందాయ్‌లో తొలి సదస్సు జరిగింది, తర్వాత ప్రాంతీయ శాఖలు వెలిశాయి. ఇషికావా పట్టుబట్టిన మరో సంగతి ఉంది. ఒక ఫ్యాక్టరీ సర్కిల్ మరో ఫ్యాక్టరీకి వెళ్లి, అక్కడి సర్కిల్‌తో కూర్చుని, వారి పనిచోటును కళ్లారా చూడాలి. వేదిక మీద వినడంతో సరిపెట్టుకోకూడదు. జపాన్ నుంచి మనం సదస్సును శ్రద్ధగా తెచ్చుకున్నాం. ఈ రాకపోకలను అంత శ్రద్ధగా తెచ్చుకోలేదు.

తెచ్చుకున్నది మన గడ్డ మీదికే. 1980లో హైదరాబాద్ శివారు రామచంద్రాపురం బీహెచ్ఈఎల్‌లో ఎస్.ఆర్. ఉడుప చొరవతో దేశంలో తొలి క్వాలిటీ సర్కిళ్లు మొదలయ్యాయి. 1982లో క్వాలిటీ సర్కిల్ ఫోరం ఆఫ్ ఇండియా ఏర్పడింది. దాని కేంద్ర కార్యాలయం ఈనాటికీ జంట నగరాల్లోనే ఉంది. టర్బైన్లు తయారుచేసే షాప్‌ఫ్లోర్ మీద పుట్టిన ఆలోచన గనులకూ ఆసుపత్రులకూ బడులకూ పాకింది. ఇంత పెద్ద ఉద్యమానికి మన ఊరే పుట్టిల్లని తెలుగువారిలో చాలామందికి తెలియకపోవడం నాకు బాధ కలిగించే విషయం. చాప్టర్లలో శిక్షణ ఇచ్చేవారు, మార్కులు వేసేవారు, హాలు ఏర్పాట్లు చూసేవారు చాలావరకు వేరే ఉద్యోగాలున్నవారూ, రిటైరైనవారూ. వారి ఆదివారాల మీదే ఇదంతా నిలబడింది.

సర్కిళ్లకు మన దేశంలో నేర్పే పద్ధతిలో పన్నెండు మెట్లున్నాయి. సమస్యల జాబితా రాయడంతో మొదలై, ఒకదాన్ని ఎంచుకోవడం, నిర్వచించడం, విశ్లేషించడం, కారణాలు వెతకడం, మూలకారణం తేల్చడం, డేటాతో రూఢి చేసుకోవడం, పరిష్కారం రూపొందించడం ఒక్కో మెట్టు. తొమ్మిదో మెట్టు నాకు ప్రత్యేకంగా ఇష్టం: ఎవరు అడ్డుచెప్పవచ్చో ముందే ఊహించి సిద్ధపడటం. పెద్ద పెద్ద ప్రభుత్వ పథకాలకు సైతం లేని ముందుచూపు అది. పదోది ప్రయోగం, పదకొండోది పూర్తి అమలు, పన్నెండోది ఫాలో అప్, సమీక్ష. అసలు పరీక్ష ఈ చివరి మెట్టు దగ్గరే. సదస్సు ఏడాదికోసారి కాబట్టి కేస్ స్టడీ ఆ క్యాలెండర్‌లో ఇమడాలి. పూర్తి అమలయ్యాక నిండా ఒక ఏడాది గడవకముందే బృందం వేదికెక్కుతుంది. అందుకే పన్నెండో మెట్టు తెర మీద చివరి స్లయిడ్‌గా మెరిసి వెళ్లిపోతుంది. ఆవకాయను కలిపిన రోజున అందరూ మెచ్చుకుంటారు. అది కుదిరిందో లేదో వానాకాలం దాటాక జాడీ మూత తీస్తేనే తెలుస్తుంది. అమెరికా ఇంజనీరు షూహార్ట్ 1924లో కంట్రోల్ చార్ట్ గీసింది కూడా, ఒకసారి సాధించింది రేపూ ఎల్లుండీ నిలుస్తోందా అని కనిపెట్టుకుని ఉండటానికే. నాణ్యతను వృత్తిగా చేసుకున్నవారి సంఘం తన సొంత పనికి ఆ చార్ట్ గీసుకోకపోవడమే నా ఫిర్యాదు.

అమెరికా అనుభవం ఈ ఫిర్యాదుకు బలం చేకూరుస్తుంది. అక్కడ లాక్‌హీడ్ కంపెనీ 1974లో సర్కిళ్లు మొదలుపెట్టాక వందల కంపెనీలు వెంటపడ్డాయి. 1985లో లాలర్, మోర్మన్ అనే పరిశోధకులు హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో ఆ జోరు ఎలా చల్లబడుతుందో దశలవారీగా వివరించారు. మొదట ఉత్సాహం, తొలి విజయాలు, విస్తరణ, తర్వాత క్షీణత. కాగితం మీద చూపిన పొదుపు చేతికందకపోవడం ఆ క్షీణతకు ఒక కారణమన్నారు. అక్కడ సర్కిళ్లను దెబ్బతీసింది పతకాలు ఎక్కువ కావడం కాదు. పతకం తర్వాత ఏమైందో తిరిగి చూసే ఏర్పాటు బలంగా లేకపోవడం.

పతకం వచ్చిన ఏడాది తర్వాత చాప్టర్ నుంచి ఎవరైనా వెళ్లి చూసి రావాలంటే రెండు అభ్యంతరాలు వినిపిస్తాయి, రెండూ తేలిగ్గా కొట్టేయదగ్గవి కావు. ఒకటి కార్మిక సంఘాలది: లాభం యాజమాన్యానికి, షీల్డు కార్మికుడికి, దీన్ని సేవ అనడమేమిటి? పొదుపు చేసిన లక్షల రూపాయలే స్లయిడ్ మీద పెద్ద అక్షరాల్లో ఉన్నంతకాలం ఈ ప్రశ్నకు చాలా బలముంటుంది. అయితే సర్కిళ్లు ఎంచుకునే సమస్యల్లో నడుము విరిచే బరువులు, కళ్లు మండించే పొగ, చెయ్యి ఇరుక్కునే గార్డు లేని యంత్రం కూడా ఉంటాయి. ఆ మెరుగుదల నిలవకపోతే నష్టపోయేది ముందుగా కార్మికుడే. కొత్తగా పెట్టిన ట్రాలీ చక్రం విరిగి మూలపడితే, మళ్లీ భుజం మీద మోసేది అతనే. ఏడాది తర్వాత బయటి మనిషి వచ్చి ‘ట్రాలీ ఏదీ?’ అని అడగడం కార్మికుడి పక్షాన అడగడమే. రెండో అభ్యంతరం మేనేజర్లది: మాకు ఇంటర్నల్ ఆడిట్లున్నాయి, సర్టిఫికేషన్ ఆడిట్లున్నాయి, ఇంకొకరు ఎందుకు? ఇంటర్నల్ ఆడిటర్‌కు అదే కంపెనీలో ప్రమోషన్ రావాలి. సర్టిఫికేషన్ సంస్థకు అదే కంపెనీ ఫీజు కట్టాలి. చాప్టర్ నుంచి వచ్చే స్వచ్ఛంద సభ్యుడికి ఆ రెండు బంధాలూ లేవు. తన సమయాన్ని ఊరికే ఇస్తున్నవాడికి నిజం చెప్పడానికి అడ్డంకులు తక్కువ. స్వచ్ఛందం అన్న గుణానికి నాణ్యత రంగంలో ఉన్న అసలు విలువ ఇదే. దాన్ని మనం హాలు అలంకరణకూ, అతిథుల ఆహ్వానానికీ ఖర్చుపెడుతున్నాం. వ్యాపార రహస్యాల భయం ఇక్కడ నిలవదు: బృందం నిండు సభలో చూపిన ఒక్క పనిచోటునే చూడాలి, పక్క షెడ్డులోకి వెళ్లనక్కర్లేదు.

కనుక చాప్టర్లను నేను కోరేది స్వర్ణాలు తగ్గించమని కాదు. నిరుడు పతకం పొందిన బృందాల్లో కొన్నింటిని చీటీ తీసి ఎంచండి. ఒక రిటైరైన ఇంజనీరునూ, మరో కంపెనీ సర్కిల్ లీడర్‌నూ జతచేసి అక్కడికి పంపండి. వారు ఒక పూట గడిపి, లోపాల లెక్కలు చూసి, యంత్రం దగ్గరి మనిషితో మాట్లాడి, ఒక పేజీ రాసివ్వాలి. ఆ పేజీలను సదస్సులో అందరి ఎదుటా చదవాలి. ఫలితం నిలవని చోట ఎందుకు నిలవలేదో ఆ బృందమే దాచకుండా విశ్లేషించి చెబితే, దానికీ పూర్తి మార్కులు వేయాలి. ఎందుకు చెడిందో తెలిపే కేస్ స్టడీ మిగతా పరిశ్రమలకు రెట్టింపు ఉపయోగం. సొంతంగా నాణ్యతా విభాగం పెట్టుకోలేని జీడిమెట్ల, బాలానగర్, ఆటోనగర్ చిన్న యూనిట్లను ఈ సందర్శన బృందాల్లో చేర్చుకోవాలి. సదస్సు రుసుము కట్టలేని యజమాని కూడా పక్క వీధి ఫ్యాక్టరీకి ఒక పూట నడిచి రాగలడు. నవంబరులో ఎలాగూ ప్రపంచ నాణ్యతా దినోత్సవం వస్తుంది. ప్రతిజ్ఞలకూ వ్యాసరచన పోటీలకూ కేటాయించే ఆ వారంలోనే తొలి సందర్శనలు పెట్టుకోవచ్చు.