తగవు దాచని నివాళి

అభిప్రాయాలు రాసిన మనిషి పోయిన మర్నాడు మన పత్రికల్లో ఒక వాక్యం తప్పకుండా కనిపిస్తుంది. ఆయన భావాలతో ఏకీభవించకపోయినా ఆయన నిబద్ధతను మెచ్చుకోవలసిందే అని. మర్యాదగానే ఉంటుంది కానీ, ఏ భావంతో, ఎందుకు ఏకీభవించలేదో చెప్పకుండా జారుకుంటుంది. గాయకుణ్ని తలచుకుంటూ పాట ఊసెత్తకుండా ఉంటామా? వ్యాఖ్యాత జీవితమంతా చేసిన పని వాదనే. దాన్ని పక్కన పెట్టి గుణగణాలు పొగిడితే, ఆయన రాసింది మళ్లీ చదవక్కర్లేదని తేల్చేసినట్టే. నివాళి రాసేవాళ్లు ఆ పాత తగవును మళ్లీ విప్పి, ఎవరి మాట ఎంతవరకు నిలిచిందో చూడాలని నేను నమ్ముతాను.

ఇలా రాయవచ్చని చూపించిన మనిషి రాజాజీ, స్వయంగా సంప్రదాయవాదే. కావలికి చెందిన ఖాసా సుబ్బారావు సంపాదకత్వంలో 1956లో మద్రాసులో స్వరాజ్య వారపత్రిక మొదలైనప్పుడు రాజాజీకి 77 ఏళ్లు. పదవులన్నీ వెనకబడిపోయాక, 1972 డిసెంబరు 25న కన్నుమూసేదాకా, ఆ పత్రికే ఆయన వేదిక. ఆ ఏళ్లలో ఆయన అందరికంటే ఎక్కువగా పోట్లాడింది నెహ్రూతో. 1964లో నెహ్రూ పోయినప్పుడు రాజాజీ రాసిన చిన్న నివాళిలో ఆ పోట్లాటను దాచలేదు. పదేళ్లుగా ఆయన విధానాలతో పోరాడుతూ వచ్చానని అందులోనే చెప్పాడు. ఆ తప్పులు దిద్దగల శక్తి కూడా ఆయన ఒక్కడికే ఉండేదని, ఇప్పుడు తన పోరాటమే బలహీనపడిందని రాశాడు. తనకంటే పదకొండేళ్లు చిన్నవాడు ముందే వెళ్లిపోయాడన్న దుఃఖం, తగ్గని విభేదం, రెండూ ఆ కొద్ది వాక్యాల్లో ఇమిడాయి. నివాళి రాయడం నేర్చుకోదలచినవాళ్లకు దానికి మించిన పాఠం నాకు తెలియదు.

మరి అదే కొలతతో రాజాజీని కొలవాలి. తెలుగువాళ్లకు ఇది అంత తేలిక కాదు. 1952 డిసెంబరు 15న మద్రాసులో, ఆంధ్ర రాష్ట్రం కోసం చేసిన 58 రోజుల నిరాహార దీక్షతో పొట్టి శ్రీరాములు ప్రాణం విడిచినప్పుడు ముఖ్యమంత్రి రాజాజీయే. భాషా రాష్ట్రాలంటే ఆయనకు గిట్టేది కాదు. ఈ సంగతి లేకుండా తెలుగులో ఆయనకు నివాళి రాస్తే అది అబద్ధమే. కానీ దీంతోనే ముగిస్తే అది సగం నిజం. 1959 జనవరిలో నాగపూర్ కాంగ్రెస్ ఉమ్మడి సహకార సేద్యానికి తీర్మానం చేసింది. దాన్ని వ్యతిరేకిస్తూ ఆ ఏడే రాజాజీ, ఎన్.జి. రంగా, మినూ మసానీ స్వతంత్ర పార్టీ పెట్టారు. తిరుచానూరులో పుట్టిన అనంతశయనం అయ్యంగారు బీహారు గవర్నరుగా వెళ్లడంతో 1962లో చిత్తూరు లోక్‌సభకు ఉపఎన్నిక వస్తే, ఆ పార్టీ అధ్యక్షుడు రంగాను అక్కడి ఓటర్లు గెలిపించారు. శ్రీరాములు పోయి పదేళ్లే అయింది. ఓటు వెనక కారణాలు ఎన్నో ఉంటాయి. అయినా, బావి కింద రెండెకరాల్లో చెరుకు వేసుకుని, కపిల తోలుకుని, గానుగ దగ్గర రాత్రంతా బెల్లం వండుకునే రైతుకు నీ పొలాన్ని ఉమ్మడిలో కలుపు అంటే ఎలా ఉంటుందో రాజాజీ పసిగట్టిన మాట నిజం. పర్మిట్-లైసెన్స్-కోటా రాజ్యం అని ఆయన పేరుపెట్టిన వ్యవస్థలో పెద్ద భాగాన్ని 1991లో పి.వి. నరసింహారావు ప్రభుత్వం కూల్చింది. అది కాంగ్రెస్ ప్రభుత్వం. ఈ ఒక్క విషయంలో ఆయన మాట నిలిచిందని ఒప్పుకోవడానికి ఆయన అనుచరులమే కానక్కర్లేదు.

సంప్రదాయవాది అన్న ముద్ర చాలదని చెప్పే సాక్ష్యం పాత చిత్తూరు జిల్లాలోనే ఉంది. 1920లలో తిరుచానూరు గుడిలోకి వెళ్లి దేవుణ్ని దర్శించుకున్నందుకు ఒక దళిత భక్తుడికి కింది కోర్టు శిక్ష వేసింది. గుడి అపవిత్రమైందట. సహాయ నిరాకరణ ఉద్యమంలో వకీలు వృత్తి వదిలేసి, కోర్టు గడప తొక్కనన్న రాజాజీ ఆ మనిషి కోసం చిత్తూరు కోర్టుకు వచ్చి అప్పీలులో వాదించి విడిపించాడు. అదే రాజాజీ 1953లో ముఖ్యమంత్రిగా గ్రామీణ ప్రాథమిక విద్యకు కొత్త పద్ధతి తెచ్చాడు. పిల్లలు బడిలో మూడు గంటలుండాలి, మిగతా పూట ఇంటి పని నేర్చుకోవాలి. కాగితం మీద అది పని నేర్పే చదువు. ఊళ్లో మాత్రం చాకలి పిల్లవాడు రేవుకు, కుమ్మరి పిల్లవాడు సారె దగ్గరికి, కరణం పిల్లవాడు లెక్కల పుస్తకం దగ్గరికి. ఎదురుతిరిగినవాళ్లు దాన్ని కులవృత్తి చదువు అన్నారు, ఆ పేరు సరైనదే. 1954లో రాజాజీ దిగిపోగానే కామరాజ్ దాన్ని రద్దుచేశాడు.

పోయినవాళ్ల తప్పులెంచడం మన సంస్కారం కాదని కొందరంటారు. ఇంట్లోవాళ్లు ఏడుస్తున్న చోట నిజంగానే కాదు. కానీ పత్రిక ఇల్లు కాదు. ఆ మనిషి బతికుండగా వేలమందిని ఉద్దేశించి వాదించాడు, ఆ వేలమందికి బదులు చెప్పే హక్కు ఆయనతో పోదు. రెండో అభ్యంతరం ఇంకా గట్టిది. బడి నుంచి పూటకే ఇంటికి పంపిన పిల్లల తరఫువాళ్లు అసలు ఈయనకు నివాళి ఎందుకు అని అడిగితే, రాసి తీరాలని వాళ్లతో అనే హక్కు నాకు లేదు. మౌనం కూడా న్యాయమైన తీర్పే. ఒక్కటి మాత్రం గుర్తుచేస్తాను. ఆ విద్యా పద్ధతి మీద అందరికంటే తీవ్రంగా పోరాడినవాళ్లలో పెరియార్ ఒకరు. 1972లో రాజాజీ అంత్యక్రియలకు ఆయన వచ్చాడు, చక్రాల కుర్చీలో కూర్చుని కన్నీళ్లు పెట్టుకున్నాడు. తన విమర్శల్లో ఒక్కదాన్నీ ఆయన వెనక్కి తీసుకోలేదు.

నన్ను ఇప్పటికీ వదలనిది వేరే చిక్కు. తిరుచానూరు భక్తుణ్ని విడిపించిన బుద్ధి, ముప్ఫయ్యేళ్లు తిరిగేసరికి అతని మనవడి వయసు పిల్లల్ని తండ్రి పనికే ఎలా పంపగలిగింది? గుడి తలుపు తెరిస్తే చాలు, మిగతాది సమాజమే సర్దుకుంటుందని ఆయన నమ్మాడనుకుంటాను. ప్రభుత్వం మీద అనుమానమున్నంతగా ఊరి మీద ఆయనకు అనుమానం లేదు. లైసెన్సుల విషయంలో ఆయన్ని గెలిపించింది, బడి విషయంలో ఓడించింది ఆ ఒక్క నమ్మకమే.