తాత చీటీ లేని నిధి: 'సాహసం' మళ్ళీ చూశాక

నిధి వేట సినిమాలో నిధి దొరుకుతుందా లేదా అన్న టెన్షన్ ఎవరికీ ఉండదు. టికెట్ కొన్నప్పుడే తెలుసు, దొరుకుతుందని. దొరికాక అది ఎవరిది, ఏ లెక్కన వాడిది అన్న దగ్గరే కథ మొదలవుతుంది. మన దగ్గర ఈ ప్రశ్నని సూటిగా పట్టుకున్న సినిమా చంద్రశేఖర్ యేలేటి 'సాహసం' (2013). అందులో ప్రేమకథ ఎందుకు పండలేదో కూడా ఆ ప్రశ్నలోనే దొరుకుతుందని నాకనిపిస్తుంది.

కథ చాలామందికి గుర్తుండే ఉంటుంది. గౌతమ్ (గోపీచంద్) ఏటీఎం దగ్గర సెక్యూరిటీ గార్డు. రోజంతా ఊరివాళ్ళ డబ్బుకి కాపలా, నెలాఖరుకి సొంత జేబు ఖాళీ. దేశ విభజన కాలంలో తన తాత వదిలేసి రావాల్సి వచ్చిన వజ్రాలు ఇప్పటి పాకిస్తాన్‌లో ఉన్నాయని తెలుస్తుంది. బెలూచిస్తాన్‌లోని హింగ్లాజ్ మాత గుడికి వెళ్ళే యాత్రికుల్లో కలిసిపోయి సరిహద్దు దాటతాడు. తోడు శ్రీనిధి (తాప్సీ), మహా భక్తురాలు. ఎదురుగా సుల్తాన్ (శక్తి కపూర్). పాకిస్తాన్‌గా మనం చూసేది చాలావరకు లడఖ్. షామ్‌దత్ కెమెరా ఆ మట్టి కొండల్ని నిజంగానే పరాయి దేశంలా చూపించింది.

యేలేటికి డబ్బు కొత్త సబ్జెక్టు కాదు. మొదటి సినిమా 'ఐతే' (2003)లోనే జేబులో ఏమీ లేని నలుగురు కుర్రాళ్ళు పెద్ద డబ్బు కోసం పెద్ద రిస్క్ తీసుకుంటారు. మన కమర్షియల్ హీరోకి డబ్బు కావాలంటే చెల్లెలి పెళ్ళో తల్లి ఆపరేషనో అడ్డం పెట్టాలి. గౌతమ్‌కి అలాంటి సాకు లేదు. తనకి కావాలి, అంతే. అయితే ఒక కండిషన్ పెట్టుకున్నాడు: తనది కానిది ఎంత పెద్దదైనా ముట్టుకోడు, తనదైతే అర్ధరూపాయి కూడా వదలడు. సినిమా అంతా ఈ ఒక్క రూల్ మీద నడుస్తుంది. నిధి ఉన్న చోట వచ్చే చిక్కుముళ్ళు, ఉచ్చులు బావున్నాయి కానీ, నాకు వాటికంటే ఈ రూలే ఆసక్తిగా ఉంది.

ఈ రూల్ ఎంత గట్టిదో మా సత్యవేడు వైపు నుంచి చూస్తే ఇంకోలా ఉంటుంది. పక్కనే నాగలాపురం, కృష్ణదేవరాయలు తన తల్లి పేరుతో కట్టించాడని చెప్పుకునే ఊరు. రాయల పేరు వినబడిన చోట నిధి మాట కూడా వినబడుతుంది. నంది కింద ఉందనీ, కోనేట్లో ఉందనీ. గుప్తనిధుల కోసం పాత గుళ్ళు తవ్వేసిన వార్తలు రాయలసీమ జిల్లా పేజీల్లో ఏళ్ళుగా వస్తూనే ఉన్నాయి. నిజానికి దీనికి 1878 నాటి చట్టం ఒకటి ఉంది: పది రూపాయల విలువ దాటిన నిధి దొరికితే కలెక్టరుకి చెప్పాలి. రాత్రిపూట గడ్డపార పట్టుకున్నవాడికి ఆ చట్టంతో పనిలేదు. పోయేది ఊరి గుడి, ఊరి శిల్పం.

గౌతమ్‌ని ఈ గుంపు నుంచి విడదీసేది తాత ఒక్కడే. అదే తవ్వకం, అదే గుడి దారి, అదే ఆశ. కానీ తాత దాచాడు కాబట్టి ఇది దొంగతనం కాదు, వారసత్వం. ఇక్కడే నాకు సినిమాతో పేచీ. శ్రీసిటీ వచ్చాక మా వైపు కంపెనీ గేట్ల దగ్గర గౌతమ్ లాంటి యూనిఫాం కుర్రాళ్ళు కనిపిస్తారు. భూమి కాగితాలు వదిలిపోయిన తాత ఉన్నవాడి కథ ఒకటి, ఏ కాగితమూ లేని తాత మనవడి కథ ఇంకొకటి. ఈ రెండోవాడు గౌతమ్ అంత నిజాయితీగా ఉన్నా, అదే రూల్ ప్రకారం అతనికి రావాల్సింది సున్నా. అలాంటివాడి సంగతేమిటని సినిమా ఆగి అడగదు.

ఇక ప్రేమ. రొమాంటిక్ అడ్వెంచర్ అంటే నా తరానికి కొలత రామ్‌గోపాల్ వర్మ 'క్షణ క్షణం' (1991). అక్కడా దాచిన డబ్బు ఉంది, దాని వెంట పరేష్ రావల్ గ్యాంగ్ ఉంది. కానీ ఆ డబ్బు చందూది కాదు, సత్యది కాదు. అది వాళ్ళ నెత్తిన పడ్డ గొడవ. అడవిలో ఆ రాత్రి ఆకలీ భయమూ విసుగూ కలిసి ఇద్దర్నీ దగ్గర చేస్తాయి. శ్రీదేవి భయపడుతూనే నవ్విస్తుంది, వెంకటేష్ బింకంగా ఉంటూనే కరిగిపోతాడు. చూస్తున్న మనకి డబ్బు ఎక్కడుందో అన్న ధ్యాసే తగ్గిపోతుంది.

'సాహసం'లో ఆ ధ్యాస ఒక్క క్షణం కూడా తగ్గదు. శ్రీనిధి పేరులోనే నిధి ఉంది, అయినా స్క్రిప్టు ఆమెని గుడి దాకా తోడు వచ్చే యాత్రికురాలిగా, మధ్యమధ్యలో నవ్వించే భక్తురాలిగా వాడుకుని వదిలేసింది. ఆమె భక్తికీ ఇతని లెక్కకీ మధ్య మంచి గొడవ పడొచ్చు. దేవుడిచ్చింది అనేవాళ్ళకీ తాతిచ్చింది అనేవాళ్ళకీ మధ్య ఎంత కామెడీ ఉంది! అది కొన్ని జోకుల దగ్గరే ఆగిపోయింది.

దీన్ని రాతలో లోపం అని సరిపెట్టొచ్చు. నాకు మాత్రం గౌతమ్ స్వభావమే అడ్డం పడిందనిపిస్తుంది. తనకి హక్కున్నదాన్ని మాత్రమే కోరుకునేవాడు ప్రేమించడం కష్టం. ఎదుటి మనిషి మీద మనకి ఏ హక్కూ ఉండదు, తాత రాసిచ్చిన చీటీ ఉండదు. అర్హత ఉందో లేదో తెలియకుండానే అడగాలి, కాదంటే ఊరుకోవాలి. చందూ చిల్లర దొంగ కాబట్టి తనది కానిదాన్ని కోరుకోవడం అతనికి అలవాటే. గౌతమ్ నిజాయితీపరుడు, అందుకే ప్రేమలో బిగుసుకుపోయాడు.

అయినా 'సాహసం' నాకు ఇష్టమే. డబ్బు కావాలని సిగ్గుపడకుండా చెప్పే పేదవాడిని హీరోని చేసిన సినిమాలు మనకి తక్కువ. ఇంకెవరైనా తెలుగులో నిధి వేట తీస్తే ఆ గార్డునే తీసుకోండి, తాతని మాత్రం తీసేయండి. అప్పుడు నిధి ముందు నిలబడి వాడు ఏం చేస్తాడో, పక్కనున్న అమ్మాయి వాడితో ఏమంటుందో చూడాలనుంది.