రాస్టర్ చిత్ర సవరణ – పాఠపరిష్కరణ: ఒక విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

తెలుగు తాళపత్ర ప్రతులు, తొలితరం ముద్రిత గ్రంథాలు నేటి పరిశోధకులకు చాలావరకు స్కాన్ చిత్రాల రూపంలోనే అందుతున్నాయి. ఆ చిత్రాలను ఫోటోషాప్, గింప్ వంటి సాఫ్ట్‌వేర్లతో శుభ్రపరచడాన్ని కేవలం సాంకేతిక కార్యంగా పరిగణించడం పరిపాటి అయింది. తెలుగు లిపిలోని సూక్ష్మచిహ్నాల దృష్ట్యా ఈ శుభ్రత పాఠనిర్ణయమే అవుతుందని, అందువల్ల దానికి కూడా పాఠపరిష్కరణ నియమాలు వర్తించాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: రాస్టర్ చిత్రం, పాఠపరిష్కరణ, అరసున్న, వత్తు, గ్రంథపాతం, మాతృక.

1. ఉపోద్ఘాతం

పాఠపరిష్కరణకు తెలుగులో సుదీర్ఘమైన చరిత్ర ఉంది. సి.పి. బ్రౌన్ (1798–1884) పలు ప్రతులను సేకరించి, పండితుల సహాయంతో వాటిని సరిపోల్చి, 1829లో వేమన పద్యాలను ప్రకటించాడు. మానవల్లి రామకృష్ణకవి 1909లో నన్నెచోడుని కుమారసంభవాన్ని వెలువరించినప్పుడు కవికాలం, కర్తృత్వం గురించి చెలరేగిన వాదోపవాదాలు ప్రతుల సాక్ష్యం ఎంత విలువైనదో పండితలోకానికి మరోమారు చాటాయి. వేటూరి ప్రభాకరశాస్త్రి వంటి పరిష్కర్తలు ప్రతిని చేతపట్టి చదివారు. అక్షరం సందిగ్ధమైతే ఆకును వెలుతురుకు ఎత్తి చూసే అవకాశం వారికి ఉండేది. గంటం గీసిన గాడికి, పురుగు తొలిచిన రంధ్రానికి గల భేదం కంటికీ వేలికీ తెలిసేది.

నేటి పరిశోధకుని ఎదుట ఉన్నది ప్రతి కాదు, దాని చిత్రం. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వంటి పథకాల ద్వారా వేలాది పాత పుస్తకాలు అందుబాటులోకి వచ్చాయి. దూరప్రాంతపు కళాశాలలో పనిచేసే అధ్యాపకునికి కూడా అరుదైన ముద్రణలు దొరుకుతున్నాయి. ఈ మేలును తక్కువ చేయడానికి వీలులేదు. అయితే స్కాన్ చేసిన యంత్రానికీ చదివే కంటికీ నడుమ మరొక చేయి ఉంది. అది చిత్రాన్ని సవరించిన చేయి. మచ్చలు తుడిచినవారు, అంచులు కత్తిరించినవారు, అక్షరాలను నల్లగా చేసినవారు ఎవరో, ఏ మేరకు చేశారో చిత్రంలో ఎక్కడా నమోదు కాదు. పాఠపరిష్కరణ చరిత్రలో లేఖకుని గురించి ఎంతో చర్చ జరిగింది. ఈ కొత్త లేఖకుని గురించి ఆ స్థాయిలో చర్చ జరగవలసి ఉంది.

2. రాస్టర్ చిత్ర స్వరూపం

రాస్టర్ చిత్రం గళ్లగా పేర్చిన పిక్సెళ్ల సముదాయం. సాధారణ బూడిదవర్ణ చిత్రంలో ఒక్కొక్క పిక్సెల్‌కు 0 నుంచి 255 వరకు ఒక విలువ ఉంటుంది. 0 నలుపు, 255 తెలుపు. ఈ చిత్రంలో అక్షరమనే భావనే లేదు. ‘ధ’కారం కింది వత్తు, కాగితం మీది ఈగ మచ్చ, సిరా చిందిన చుక్క సాఫ్ట్‌వేర్ దృష్టిలో సమానమైన అంకెల గుంపులే. వాటిలో ఏది అక్షరం, ఏది మలినం అని విభజించడం భాష తెలిసిన బుద్ధికి మాత్రమే సాధ్యం. ఆ విభజనను భాష తెలియని గణితసూత్రానికి అప్పగించడమే ఇక్కడి మూలసమస్య.

థామస్ నోల్, జాన్ నోల్ సోదరులు రూపొందించిన ఫోటోషాప్ 1990లో విడుదలైంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీ ప్రాంగణ విద్యార్థులు స్పెన్సర్ కింబాల్, పీటర్ మాటిస్ రూపొందించిన గింప్ 1996లో ఉచితంగా లోకానికి అందింది. ఈ పరికరాలకు సమర్థత పుష్కలంగా ఉంది. కాని ఛాయాచిత్రానికి మచ్చ తీయడం సౌందర్యం, ప్రతికి మచ్చ తీయడం సాక్ష్యంలో జోక్యం. ఒకే పరికరం రెండు పనులూ చేస్తుంది కనుక రెంటికీ గల భేదం మరుగున పడుతోంది.

3. సవరణ ప్రక్రియలు – తెలుగు లిపి

3.1. ద్వివర్ణీకరణ: బూడిదవర్ణ చిత్రాన్ని కేవలం నలుపు, తెలుపులుగా మార్చే ప్రక్రియ ఇది. ఒక హద్దు విలువను నిర్ణయించి, దానికి దిగువ ఉన్నవాటిని నలుపుగా, ఎగువ ఉన్నవాటిని తెలుపుగా మారుస్తారు. హద్దు 128 అనుకుంటే, వెలిసిపోయి 140 విలువకు చేరిన సిరా అక్షరం అదృశ్యమవుతుంది. 120 విలువ గల తేమ మరక నల్లని గీతగా మిగులుతుంది. నొబుయుకి ఒట్సు 1979లో ప్రతిపాదించిన పద్ధతి ఈ హద్దును చిత్రంలోని విలువల వ్యాప్తిని బట్టి స్వయంగా ఎన్నుకుంటుంది. కాని పుట మొత్తానికి అది ఇచ్చేది ఒకే హద్దు. ఒక మూల గోధుమరంగుకు తిరిగి, మరొక మూల తెల్లగా మిగిలిన పాత కాగితానికి ఒకే హద్దు న్యాయం చేయలేదు. ఒక్కొక్క స్థానానికి దాని పరిసరాలను బట్టి వేరుగా హద్దును నిర్ణయించే పద్ధతులు కొంత మెరుగు. ఏ పద్ధతిలోనైనా హద్దు తప్పితే నిండుసున్న నడుమ పూడిపోయి మచ్చగానో, వలయం తెగి అరసున్నగానో కనిపించవచ్చు. అనేక తెలుగు పుస్తకాలు ద్వివర్ణ చిత్రాలుగానే లభిస్తున్నాయి. అంటే పాఠకునికి చేరేనాటికే ఒక నిర్ణయం జరిగిపోయి, దాన్ని పునఃపరిశీలించే ఆధారం కూడా తొలగిపోయింది.

3.2. మచ్చల తొలగింపు: ‘మీడియన్’ వంటి ఫిల్టర్లు ప్రతి పిక్సెల్ చుట్టూ ఒక చిన్న చతురస్రాన్ని తీసుకొని, అందులోని మధ్యస్థ విలువను ఆ పిక్సెల్‌కు ఇస్తాయి. ద్వివర్ణ చిత్రంలో దీని అర్థం అధికసంఖ్య ఎటు ఉంటే అటు మొగ్గడమే. దీని ఫలితాన్ని చిన్న లెక్కతో చూడవచ్చు. అక్షరానికి అంటకుండా ఉన్న ఒక వత్తు గీత పొడవు అర మిల్లీమీటరు, వెడల్పు 0.2 మిల్లీమీటర్లు అనుకుందాం. అంగుళానికి 300 పిక్సెళ్ల సాంద్రతలో అది సుమారు 6 పిక్సెళ్ల పొడవు, 2 పిక్సెళ్ల వెడల్పు. ఐదు వరుసల, ఐదు నిలువుల చతురస్రంలో 25 పిక్సెళ్లు ఉంటాయి. నలుపు నిలవాలంటే కనీసం 13 నల్లనివి కావాలి. ఈ గీత ఆ చతురస్రంలో ఎక్కడ పడినా 10కి మించి నల్ల పిక్సెళ్లను ఇవ్వలేదు. కాబట్టి గీత పూర్తిగా చెరిగిపోతుంది. లావైన అక్షరదేహం మాత్రం దాదాపు యథాతథంగా నిలుస్తుంది. అదే గీత 600 సాంద్రతలో సుమారు 12 పిక్సెళ్ల పొడవు, 5 పిక్సెళ్ల వెడల్పుతో ఉండి అదే ఫిల్టర్‌కు తట్టుకొని నిలుస్తుంది. ఒక వర్ణం అల్పప్రాణమో మహాప్రాణమో తేల్చినది ఇక్కడ కవి కాదు, లేఖకుడు కాదు. స్కానర్ సాంద్రత, ఫిల్టర్ పరిమాణం కలిసి ఆ తీర్పు ఇచ్చాయి.

3.3. పూరణ: ఒకచోటి పిక్సెళ్లను మరొకచోట అద్దే క్లోన్ పరికరం, పరిసరాలను అనుకరించి ఖాళీని నింపే పద్ధతి తాళపత్ర చిత్రాలకు మరింత ప్రమాదకరం. రెండవదాన్ని ఫోటోషాప్ 2010లో ప్రవేశపెట్టింది. పురుగు తిన్న చోటును ఆకు రంగుతో నింపితే చిత్రం అందంగా కనిపిస్తుంది. కాని పరిష్కర్తకు ఆ రంధ్రం గ్రంథపాతానికి గుర్తు. అక్కడ ఎన్ని అక్షరాలు పట్టేవో దాని కొలత చెబుతుంది. రంధ్రాన్ని పూడ్చినప్పుడు ‘ఇక్కడ అక్షరాలు పోయాయి’ అన్న సాక్ష్యం ‘ఇక్కడ అక్షరాలు లేవు’ అన్న అబద్ధంగా మారుతుంది. ఫోటోషాప్‌లో 2023 నుంచి చేరిన కృత్రిమమేధ పూరణ మరొక అడుగు ముందుకు వేసింది. అది తాను నేర్చుకున్న చిత్రాల ఆధారంగా లేనిదాన్ని సృష్టిస్తుంది. పూర్వపు లేఖకుడు చేర్చిన ప్రక్షిప్తాన్ని శైలిని బట్టి పట్టుకోవచ్చు. పరిసరాల శైలిని అనుకరించడానికే పుట్టిన పరికరం చేసిన ప్రక్షిప్తాన్ని పట్టుకోవడం అంతకంటె కష్టం.

3.4. సంపీడనం: జెపెగ్ పద్ధతి చిత్రాన్ని 8×8 పిక్సెళ్ల ఖండాలుగా విభజించి, కంటికి అంతగా ఆనని వివరాలను వదిలివేస్తుంది. సవరించి మళ్లీ జెపెగ్‌గా భద్రపరిచినప్పుడల్లా కొంత నష్టం చేరవచ్చు. మాతృకను చూసి పుత్రిక, ఆ పుత్రికను చూసి మరొక పుత్రిక రాసుకున్నప్పుడు తప్పులు పేరుకున్నట్టే ఇదీ జరుగుతుంది. ఇంతకంటె తీవ్రమైన ఉదాహరణ 2013లో బయటపడింది. కొన్ని జిరాక్స్ వర్క్‌సెంటర్ యంత్రాలు స్కాన్ చేసిన పత్రాలలో అంకెలను మార్చివేస్తున్నాయని, 6 ఉన్నచోట 8 కనిపిస్తున్నదని జర్మన్ కంప్యూటర్ శాస్త్రజ్ఞుడు డేవిడ్ క్రీజెల్ వెల్లడించాడు. ఒకేలా కనిపించే ఆకృతులను ఒకటిగా లెక్కించి, ఒకే అచ్చును పలుచోట్ల వాడే సంపీడన విధానం దానికి కారణమని తేలింది. ఆ సంస్థ తరువాత సాఫ్ట్‌వేర్‌ను సరిదిద్దింది. అంకెలకే ఈ గతి పట్టినప్పుడు, ఒక్క వత్తు గీతతో మాత్రమే భేదించే ప–ఫ, ద–ధ, చ–ఛల విషయంలో పరిశోధకుడు ఎంత జాగరూకత వహించాలో వేరుగా చెప్పనక్కరలేదు.

4. ఛందస్సు పట్టించని దోషాలు

తెలుగు పరిష్కర్తకు ఛందస్సు నమ్మకమైన సహాయకారి. గణభంగం, యతిభంగం, ప్రాసభంగం పాఠదోషాన్ని సూచిస్తాయి. నిండుసున్న చెరిగితే దాని ముందున్న గురువు లఘువై గణం తప్పుతుంది, దోషం బయటపడుతుంది. చిత్రసవరణ వల్ల కలిగే దోషాలలో ఎక్కువ భాగం ఈ పరీక్షకు చిక్కవు.

అరసున్న గురుత్వాన్ని కలిగించదు. ‘ఏఁడు’ అంటే సంవత్సరం, ‘ఏడు’ అంటే సంఖ్య. ‘వాఁడు’ అంటే అతడు, ‘వాడు’ అంటే వసివాళ్లు వాడిపోవడం. అరసున్న చెరిగినా గణాలు చెక్కుచెదరవు. వత్తు చెరిగితే ‘ధార’ ‘దార’ అవుతుంది, ప్రవాహం భార్యగా మారుతుంది. ‘ఫణము’ ‘పణము’ అవుతుంది, పాముపడగ పందెపు సొమ్ముగా మారుతుంది. గురులఘువులు మాత్రం మారవు. యతిస్థానంలో సైతం త, థ, ద, ధలకు పరస్పరం, ప, ఫ, బ, భలకు పరస్పరం యతి చెల్లుతుంది కనుక అక్కడ కూడా దోషం తెలియదు. ప్రాసస్థానంలో మాత్రమే ఇవి పట్టుబడే అవకాశం ఉంది. వచనంలో ఆ ఆధారం కూడా లేదు.

సందర్భం బట్టి అర్థాన్ని ఊహించవచ్చని కొందరు అనవచ్చు. శ్లేషకావ్యాలలో, ద్వ్యర్థికావ్యాలలో సందర్భమే రెండు వైపులా మొగ్గుతుంది. అక్కడ ఒక వత్తు ఉనికి ఒక అర్థాన్నే నిలబెట్టవచ్చు, కూల్చవచ్చు. భాషాచరిత్ర పరిశోధనలో నష్టం ఇంకా ఎక్కువ. ఒక ముద్రణలో అరసున్నలు ఏ మేరకు పాటించారో లెక్కించే పరిశోధకుడు శుభ్రపరచిన చిత్రాన్ని ఆధారం చేసుకుంటే, అతని పట్టికలు ముద్రాపకుని అలవాటును కాక ఫిల్టర్ ప్రవర్తనను చూపిస్తాయి. సాంప్రదాయిక పరీక్షలకు లొంగని చోటనే ఈ పరికరాలు అధికంగా తప్పుచేస్తాయి కాబట్టి వీటికి ప్రత్యేక నియమం అవసరం.

5. సవరణ అవసరం – నియమం

ఈ విమర్శ చిత్రసవరణను నిరాకరించడానికి కాదు. సవరణ లేకుండా చదవలేని ప్రతులు ఎన్నో ఉన్నాయి. వర్ణచిత్రంలో ఎరుపు ఛానల్‌ను మాత్రమే వేరుచేసి చూస్తే ఎర్రగోధుమ మరకలు వెలవెలబోయి నల్లని సిరా తేటపడుతుంది. ఇక్కడ పరికరం కొత్తదాన్ని చేర్చలేదు, ఉన్నదాన్ని వేరుచేసి చూపింది. ఆర్కిమెడిస్ పాలింప్సెస్ట్ ఇందుకు గొప్ప నిదర్శనం. 13వ శతాబ్దిలో పాత రాతను గీకివేసి, దాని మీద ప్రార్థనలు రాసిన ఆ తోలుపుటల నుంచి ఆర్కిమెడిస్ రచనలను వివిధ కాంతితరంగాలలో తీసిన చిత్రాల ద్వారా చదివారు. 2008లో సవరించిన చిత్రాలతోపాటు మూలచిత్రాలను కూడా అందరికీ విడుదల చేశారు. చూపినదాన్ని పరీక్షించే అవకాశాన్ని ఇతరులకు మిగిల్చారు. పాఠాంతరాలను అధోజ్ఞాపికలో ఇచ్చే పరిష్కర్త నీతి కూడా ఇదే.

ఫోటోషాప్‌లో 1994 నుంచి ఉన్న పొరల సౌకర్యం ఈ నీతికి సహజంగా సరిపోతుంది. అడుగుపొరలో మూలచిత్రాన్ని తాకకుండా ఉంచి, ప్రతి సవరణను వేరే పొరలో చేయవచ్చు. పై పొరలను తొలగిస్తే మూలం యథాతథంగా కనిపిస్తుంది. ఈ దృష్టితో కొన్ని నియమాలను ప్రతిపాదించవచ్చు.

• ప్రతిని 600 సాంద్రతలో వర్ణచిత్రంగా, నష్టరహితమైన టిఫ్ రూపంలో, పక్కన కొలబద్దతో తీసి, ఆ మూలచిత్రాన్ని విడిగా భద్రపరచాలి.
• ‘సాక్ష్యచిత్రం’, ‘పఠనచిత్రం’ అని రెండు రూపాలను వేరుచేయాలి. శుభ్రపరచడం పఠనచిత్రానికే పరిమితం కావాలి. పాఠనిర్ణయం సాక్ష్యచిత్రం మీదనే జరగాలి.
• వాడిన పరికరం, ఫిల్టర్, దాని పరిమాణం, హద్దు విలువ క్రమంగా నమోదు కావాలి.
• రంధ్రాలను, చిరుగులను పూరించకూడదు. చదవడానికి అడ్డమైతే వేరే పొరలో ప్రత్యేకమైన రంగుతో గుర్తించాలి.
• సిద్ధాంతగ్రంథాలలో ప్రతివివరాలు ఇచ్చేచోట చిత్రం సాంద్రత, వర్ణస్థితి, సవరణ వివరాలు కూడా ఇవ్వాలి. ద్వివర్ణచిత్రం మాత్రమే లభించిన సందర్భంలో అరసున్న, వత్తులపై ఆధారపడిన నిర్ణయాలను సందిగ్ధాలుగానే ప్రకటించాలి.

ఈ నియమాలలో చివరిది తప్ప మిగిలినవి ప్రతులను స్కాన్ చేసేవారు, భద్రపరచేవారు పాటించవలసినవి. చివరిది మాత్రం ప్రతి పరిశోధకుడు, ప్రతి పర్యవేక్షకుడు ఈనాటి నుంచే పాటించగలిగినది. దానికి కొత్త యంత్రం కాని, నిధులు కాని అక్కరలేదు.

6. ముగింపు

తాళపత్రం నశిస్తుంది, ఆమ్లం పట్టిన కాగితం పొడి అవుతుంది. నేడు తీసిన చిత్రం రేపు ఏకైక ప్రతిగా మిగిలే గ్రంథాలు ఉంటాయి. అప్పుడు ఆ చిత్రమే మాతృక. అందులో చెరిగిన వత్తును తిరిగి చూడడానికి మరొక ఆకు ఉండదు. లేఖకప్రమాదాలను గుర్తించే శాస్త్రాన్ని పూర్వ పరిష్కర్తలు తమ అనుభవం నుంచి నిర్మించారు. ఫిల్టర్ ప్రమాదాలను గుర్తించే శాస్త్రాన్ని నిర్మించవలసిన బాధ్యత ఈ తరం తెలుగు శాఖలది. ఆ శాస్త్రానికి సాఫ్ట్‌వేర్ పరిజ్ఞానం ఎంత అవసరమో, చుక్కకూ వత్తుకూ భేదం తెలిసిన భాషాజ్ఞానం అంతకంటె ఎక్కువ అవసరం. కనుక ఈ పనిని సాంకేతిక నిపుణులకు మాత్రమే విడిచిపెట్టడం తగదు.