వెబ్‌పుటలయందు తెలుగు: అక్షరమా, చిత్రమా?

చిన్న డిజైన్ స్టూడియోలు తెలుగు సంఘములకై కూర్చు వెబ్‌పుటలను పరిశీలించినచో నొక విశేషము గోచరించును. శీర్షిక, ఆహ్వానము, కార్యక్రమ పట్టిక మున్నగునవి తరచుగా అక్షరములుగాక చిత్రములుగా నుండును. వాట్సాప్‌లో పంపిన చిత్రమునే పుటలోను నిలుపుట నేటి వాడుక. చూపునకవి సొగసుగనే యుండును. కాని చదువబడుటయే పుటకు ప్రథమ ధర్మము.

ఈ వాడుకకు పూర్వకారణము కలదు. ఒకప్పుడు ఒక్కొక్క ఫాంటునకు ఒక్కొక్క సంకేతపద్ధతి యుండెడిది. ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెలుగునకు బదులు అర్థములేని రోమన్ అక్షరములు కనబడెడివి. కావున చిత్రమే శరణ్యమయ్యెను. 1991లో వెలువడిన యూనికోడ్ తొలి కూర్పులోనే తెలుగునకు స్థానము లభించినది. నేడు సామాన్యమైన సెల్‌ఫోనులందును తెలుగు ఫాంటు కలదు. కారణము తొలగినను అలవాటు తొలగలేదు.

చిత్రమున బంధింపబడిన మాట వెదకువారికి సులభముగా దొరకదు. తెర వెడల్పును బట్టి దాని పంక్తులు మారవు. వివరణపాఠము జతపరుపనిచో అంధులకు వినిపించు సాధనము దానిని సరిగా చదువజాలదు. కనుకనే 2008 నాటి వెబ్ సౌలభ్య సూత్రములు సాధ్యమైనంతవరకు చిత్రమునకు బదులు పాఠమునే వాడుమని విధించినవి.

పాఠము నుంచినంతమాత్రమున పని ముగియదు. రోమన్ లిపికై చేసిన మూసలో తెలుగును పోయుట రెండవ దోషము. ‘స్త్రీ’ అను నొక్క అక్షరమే యూనికోడ్‌లో ఆరు సంకేతముల కూర్పు. గుడిదీర్ఘము పైకెగయును, ఒత్తులు క్రిందికి దిగును. పంక్తుల నడుమ ఎడము చాలనిచో ఒత్తు క్రింది పంక్తిని తాకును. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ రూపమైన యొక సంకేత సముదాయము ఐఫోనులలోని పెక్కు అప్లికేషనులను స్తంభింపజేసెను; ఆపిల్ సంస్థ ఆ నెలలోనే దానిని సరిదిద్దెను. అంతటి సంస్థకే తప్పనిది చిన్న స్టూడియోకు తప్పునా?

స్టూడియోనే నిందించుట న్యాయము కాదు. హోసూరులోనో, బళ్లారిలోనో, బరంపురములోనో పనిచేయు చిత్రకారునకు తెలుగు చదువరాకపోవచ్చును. పని యిచ్చినవారు చిత్రమును మెచ్చి సొమ్ము చెల్లించినచో దోషము చెప్పువారెవరు? కావున పాఠమును యూనికోడ్‌లో టైపు చేసి యిచ్చుట, సంయుక్తాక్షరములతో ముందుగా పరీక్షించుట, తెలుగు చదువరి యొకరు ఫోనుపై చూచి యామోదించుట అను మూడు నియమములను ఒప్పందముననే చేర్చవలెను.

ఈ ప్రాంతములందు కన్నడము, తమిళము, ఒడియా మాధ్యమములలో చదువు తెలుగు బాలునకు బడి వెలుపల తెలుగు చదువదొరకు చోటు తరచుగా ఫోను తెరయే. తెలియని మాటను వాడు వ్రేలితో నొక్కి, ప్రతి తీసికొని, అర్థము వెదకి, మరల వ్రాయగలుగవలెను. సొగసు తరువాతి మాట.