పది పాటల చీటీ

మొన్న ఆదివారం మా కోడలు నా చేతికో కాగితమూ కలమూ ఇచ్చి, "అత్తయ్యా, మీకు బాగా ఇష్టమైన త్యాగరాజ కీర్తనలు పది రాసిపెట్టండి, కార్లో వింటాను" అంది. తుర్కయంజాల్ నుంచి ఊళ్ళో ఆఫీసుకి వెళ్ళాలంటే సాగర్ రోడ్డు మీద గంటకి పైనే పడుతుంది. బి.ఎన్. రెడ్డి నగర్ దాటేసరికే రెండు పాటలైపోతాయట.

"ఓస్, ఇంతేనా!" అనుకున్నాను. మూడు రోజులైనా కాగితం తెల్లగానే ఉంది.

నవ్వకండి. మీరూ ఓసారి కూర్చుని చూడండి, తెలుస్తుంది. మొదట కలం తీసి 'ఎందరో మహానుభావులు' అని రాశాను. రాశాక, ఇది నాకిష్టమని రాశానా, రాయకపోతే బావుండదని రాశానా అని సందేహం వచ్చింది. కొట్టేశాను. శ్రీరాగం మీద నాకు కోపమేమీ లేదు. కానీ ఆ పాటని మనవాళ్ళు సన్మాన సభల్లో శాలువాకి జోడీగా తగిలించి, వేదిక మీద కూర్చున్న ప్రతి పెద్దమనిషికీ వర్తింపజేసి, అరగదీసి పెట్టారు. నిజమైన భక్తులకి పెట్టిన నమస్కారం కాస్తా మెడలో పూలదండైపోయింది. పాట తప్పు కాదు, నా చెవి తప్పు.

అసలు సంగతి వేరే ఉంది. ఇష్టమైన పాట పేరు చెప్పడమంటే నాకు నలభై ఏళ్ళుగా భయం. 1982లో మేము దిల్‌సుఖ్‌నగర్‌లో రెండు గదుల వాటాలో ఉండేవాళ్ళం. పిల్లాణ్ణి బడికి పంపి, దగ్గర్లోనే ఒక మాస్టారి దగ్గర సంగీతానికి వెళ్ళేదాన్ని. ఓ రోజు ఆయన అందర్నీ వరసగా, "త్యాగయ్య గారి కృతుల్లో మీకేది గొప్పగా తోస్తుంది?" అని అడిగారు. ఒకావిడ తోడి అంది, ఒకావిడ కాంభోజి అంది. నా వంతు వచ్చేసరికి ఉన్నమాట చెప్పేశాను: 'సీతాకల్యాణ వైభోగమే' అని. ఆయన పకపకా నవ్వి, "అది పెళ్ళిపందిట్లో పాటమ్మా, కచేరీ సరుకు కాదు" అన్నారు. మిగతావాళ్ళూ నవ్వారు. ఆ నెలాఖరుకి మానేశాను. ఇంట్లో ఏవో పనులని చెప్పానుగానీ, కారణం ఆ నవ్వే.

ఇన్నాళ్ళకి మా కోడలి కాగితం పుణ్యమా అని ఆ నవ్వు సంగతి తేల్చుకోవలసి వచ్చింది.

ఆ పాట కురంజి రాగంలో ఉంది. పెద్దగా ఆలాపన చేసి విస్తరించే రాగం కాదన్నది నిజమే. త్యాగరాజు (1767–1847) దాన్ని ఉత్సవ సంప్రదాయ కీర్తనల్లో భాగంగా రాశాడు. స్వామిని ఊయల ఊపడానికీ, నిద్రపుచ్చడానికీ, మేలుకొలపడానికీ, హారతికీ, పెళ్ళికీ రాసినవి అవన్నీ. అంటే ఇంట్లో ఒక పసివాడికో పెళ్ళికొడుక్కో మనం ఏమేం చేస్తామో అవన్నీ రాముడికి చేశాడన్నమాట. వరస ఒకటే ఉంటుంది, చరణాలు చాలా ఉంటాయి. గొంతు ఎలాంటిదైనా పదిమంది కలిసి అందుకోవచ్చు. పాడేవాళ్ళ గొప్ప కనిపించకూడదనే ఆయన అలా కట్టాడని నా నమ్మకం. అదే మనిషి పెద్ద పెద్ద ఘనరాగాల్లో కృతులు రాయగలిగినవాడు కనక, చేతకాక చిన్నవి రాశాడనడానికి వీల్లేదు కదా!

మా మనవరాలు కీబోర్డు నేర్చుకుంటోంది. దాని పుస్తకంలో బీథోవెన్ బొమ్మ చూసి లెక్కేశాను. ఆయన పుట్టింది 1770లో, మన అయ్యవారికంటే మూడేళ్ళు చిన్న. అదే వియన్నా నగరంలో షూబర్ట్ అని ఇంకొకాయన, 1828లో పోయేనాటికి ముప్ఫై ఒక్క ఏళ్ళే. ఆరువందలకి పైగా పాటలు రాశాడు. వాటిల్లో చాలా మటుకు స్నేహితుల ఇళ్ళల్లో, పియానో చుట్టూ చేరి పాడుకున్నవే. ఇంట్లో పాడుకున్నారు కనక తక్కువరకం అని అక్కడ ఎవరూ వాటిని కింద కూర్చోబెట్టలేదు. మనమే పీట వేసేటప్పుడు ఎత్తు చూస్తాం.

సరే, 'సీతాకల్యాణం' ఒకటో నంబరు అని ధైర్యంగా రాశాను. రెండోది నాకు మా ఎదురింటావిడ ఇచ్చింది. ఆవిడది ఇబ్రహీంపట్నం వైపు. పెద్దగా చదువుకోలేదు, సంగీతం అసలే రాదు. కందిపప్పు కోసం వచ్చినప్పుడు ఫోనులో 'సాధించెనే' వస్తోంది. కాసేపు విని, "ఏందక్కా, గీ పాటల ఎవరు ఎవర్ని సాధిస్తుండ్రు? సాధించుడంటే సతాయించుడేనా?" అంది.

నేను నోరు తెరిచాను. పంచరత్నాల మీద నేను చదివిన వ్యాసాలు ఏ మూలకీ రాలేదు! పాటలో అర్థం, తన పంతం నెగ్గించుకున్నాడని. కానీ తెలుగింట్లో పుట్టిన చెవికి రెండో అర్థం వినబడక మానదు. 'మా అత్త నన్ను సాధించుకు తింటోంది' అంటాం చూడండి, ఆ సాధించడం. పాటంతా కృష్ణుడి మీద నేరాలే. దేవకీ వసుదేవులని ఏడిపించాడని, గోపికల ముచ్చట తీర్చలేదని, అవసరాన్నిబట్టి మాట మారుస్తాడని. ఆ మాట మార్చే ఫిర్యాదు చరణం చరణానికీ తిరిగొస్తుంది, వంటింట్లో మనం ఒకే దెప్పుడు మాట పదిసార్లు అన్నట్టు. ఆరభిలో అంత ఉల్లాసంగా దెప్పడం ఇంకెవరికీ చేతకాదు. రాగం ఎరిగినవాళ్ళకి తెలియని సంగతి భాష ఎరిగినావిడకి తెలిసింది.

దాంతో నాకో కొలత దొరికింది. పాటలో ఒక మనిషి ఇంకొకరితో మాట్లాడుతున్నట్టు ఉందా లేదా? అంతే. 'జగదానందకారక' సంస్కృతంలో రామ నామాల హారం. పంచరత్నాల్లో అదొక్కటే సంస్కృతం, తక్కిన నాలుగూ తెలుగే. నాటరాగంలో దాని గంభీరం దానిదే గానీ నా కొలతలో నిలవలేదు, వదిలేశాను. 'నగుమోము గనలేని' నిలిచింది. రాముడు ఎంతకీ రాడు. గరుడుడు బయల్దేరడానికి బద్ధకించాడేమో, అంత దూరమా అని సాకు చెప్పాడేమో అని కంగారు. ఎల్.బి. నగర్ దాటాక ఫోను తీయని కొడుకు కోసం గుమ్మంలో నిలబడ్డ ఏ తల్లికైనా ఆ వరస తెలుసు. మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారి గొంతులో వినమని మా కోడలికి పక్కన రాశాను.

'నిధి చాల సుఖమా' దగ్గర కాస్త ఆగాను. రాజుగారు పంపిన కానుకలు తిప్పిపంపినప్పుడు పాడారని చెప్పుకుంటారు. కల్యాణి రాగం, వంక పెట్టడానికేమీ లేదు. కానీ ఆ కథ విన్నప్పుడల్లా నా మనసు ఆయన భార్య కమలాంబ దగ్గరికి పోతుంది. ఉంఛవృత్తి మీద నడిచే సంసారం. ఆ పూట బియ్యపు డబ్బాలో ఏముందో ఆవిడకి తెలుసు, పాటకి తెలియదు. రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించి, చివరికి రాయలేదు.

'దుడుకుగల' మాత్రం వదలను. గౌళరాగంలో ఒక మనిషి తన తప్పులన్నీ తానే ఏకరువు పెట్టుకుంటాడు. ఆ పాటతో నాకు రెండు పేచీలున్నాయి. ఒకటి, దాన్ని ఆరాధన రోజున వందలమంది గొంతు కలిపి పాడటం. తప్పు ఒప్పుకోవడం గుంపుగా చేసే పనేనా? అందరూ కలిసి పంచరత్నాలు పాడే ఆనవాయితీ 1940ల నాటిదే, త్యాగరాజు నాటిది కాదు. రెండో పేచీ పాట లోపలిది. తెలియనివాళ్ళకి ఉపదేశాలిచ్చి వశం చేసుకుని మురిశానని ఒప్పుకుంటూ, ఆ తెలియనివాళ్ళ వరసలో శూద్రులతో పాటు ఆడవాళ్ళనీ నిలబెడతాడు. అక్కడికి వచ్చేసరికి ముల్లు గుచ్చుకున్నట్టు ఉంటుంది. భక్తి కొద్దీ దాటేసేవాళ్ళు దాటెయ్యవచ్చు, నాకు చేతకాలేదు. అయినా జాబితాలో ఉంచాను. ప్రేమించినవాళ్ళ మాటల్లో ముల్లు ఉంటే పాట మొత్తం పారేస్తామా?

ఆ ముల్లుకి బదులు చెప్పినావిడ బెంగుళూరు నాగరత్నమ్మ (1878–1952). తిరువయ్యారులో పాడుబడిన సమాధి దగ్గర తన సొమ్ముతో గుడి కట్టించి 1926లో ప్రతిష్ఠ చేయించింది. గుడి కట్టించినా అక్కడ పాడటానికి ఆడవాళ్ళకి వీల్లేదన్నారు. ఆవిడ ఊరుకుందా? 1920ల చివర్లో ఆడవాళ్ళని కూడగట్టి వేరే ఆరాధన నడిపింది. 1940 ప్రాంతంలో వర్గాలన్నీ కలిసేదాకా పట్టు వదల్లేదు. ముద్దుపళని రాసిన 'రాధికా సాంత్వనము'ని 1910లో అచ్చువేయించిందీ ఆవిడే. ఏం సాధించిందమ్మా! రెండర్థాల్లోనూ.

మాస్టారి మీద ఇంతసేపు విసుక్కున్నాను కనక ఆయన పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. ఒక విషయంలో ఆయన అన్నది నిజం. నాకప్పుడు సంగతులు వినడం రాదు. ఒకే పంక్తిని మళ్ళీ మళ్ళీ పాడుతుంటే 'ఇంకెంతసేపు' అనిపించేది. ఈమధ్య ఎల్.బి. నగర్‌లో మెట్రో ఎక్కి, ఎం.జి.బి.ఎస్.లో మారి, చిక్కడపల్లి త్యాగరాయ గానసభకి వెళ్ళాను. అక్కడ ఒక చిన్నపిల్ల 'చక్కని రాజమార్గము' పాడింది. ఖరహరప్రియ. ఆ పల్లవి మొదట మామూలుగా అంది. తర్వాత కొంచెం సాగదీసి అంది. తర్వాత బతిమాలినట్టు, ఆ తర్వాత కసిరినట్టు, చివరికి అలిసిపోయి అన్నట్టు. మాట మారలేదు, అన్న తీరు మారింది. మాట వినని పిల్లాడికి మనం చెప్పే పద్ధతే! చెబుతున్నది తన మనసుకే. ఇంత చక్కని రాజబాట ఉండగా సందుల్లో దూరడమెందుకని. ఇది తెలియడానికి నాకు నలభై ఏళ్ళు పట్టింది. ఆ రోజు నవ్వకుండా ఆయనే ఈ ముక్క చెప్పి ఉంటే బావుండేది.

ఆ పాటా చేరింది. 'తెరతీయగరాదా' చేరింది. తిరుపతి వెంకన్న ముందు నిలబడి, గుడిలో తెర కాదు, నా లోపలి అసూయ తెర తీయమని అడగడం కోసం. 'నన్ను పాలింప' చేరింది. కూతురి పెళ్ళికి శిష్యుడొకడు రాముడి పటాన్ని మోసుకుంటూ నడిచొచ్చాడని, అప్పుడు పాడారని ఒక కథ. కథ సంగతెలా ఉన్నా, మోహనంలో ఆ ఆశ్చర్యం నిజం. చెప్పకుండా పుట్టింటివాళ్ళు గుమ్మంలో ప్రత్యక్షమైతే గొంతు ఎలా వణుకుతుందో అలా ఉంటుంది.

లెక్క చూస్తే ఏడు అయ్యాయి. మిగతా మూడూ నువ్వే విని రాసుకోమని కాగితం ఇచ్చేశాను. "పది అన్నాను కదా అత్తయ్యా" అని సణిగింది.

నిన్న పొద్దున్న తొమ్మిదిన్నరకి ఫోను. కారు హారన్ల గోల.

"ఎక్కడున్నావే?"

"సాగర్ రింగ్ రోడ్డు దగ్గరే అత్తయ్యా. మీ రాజమార్గం విని బుద్ధొచ్చి సందుల్లోంచి రాకుండా మెయిన్ రోడ్డెక్కాను. 'సాధించెనే' రెండోసారి అయిపోవస్తోంది, ఇంకా కదల్లేదు!"