చేతికి చిక్కని మంచు

గుల్మార్గులో స్కీయింగు నేర్చి వచ్చిన మా మేనల్లుడు ఈ వారము తన చిన్న నోటుపుస్తకమును నా చేతికిచ్చినాడు. అందు శిఖరముల వర్ణనలు లేవు. పుటపుటనా మంచులో త్రవ్విన గోతుల పటములు, పొరల మందము, ప్రతి పొర యెదుట దాని గట్టిదనము. ఆ గట్టిదనమునకు కొలమానము మనుష్యుని చేయియే: పిడికిలి దిగబడు పొర మిక్కిలి మెత్తనిది, ఆపై నాలుగు వ్రేళ్లు, ఒక వ్రేలు, పెన్సిలు, తుదకు కత్తిమొన మాత్రమే దిగునది మిక్కిలి గట్టిది. గోతి గోడలో 30 సెంటీమీటర్ల చదరపు స్తంభమును వేరుచేసి, పైన పారను ఆనించి, మణికట్టు నుండి పదిమారులు, మోచేతి నుండి పదిమారులు, భుజము నుండి పదిమారులు తట్టి, ఏ దెబ్బకు ఏ పొర జారెనో వ్రాసికొందురట. చేతి విద్యయే విద్యయని ఈ శీర్షికలో నేనెన్ని మారులు వాదించితినో చదువరులకు తెలియును గనుక, నాకు కలిగిన సంతోషమును వేరుగ చెప్పనక్కరలేదు.

ఆ తట్టుటలో వెదకునది బలహీనమైన పొరను. శీతకాలారంభమున మంచు పలుచగ పడి, ఆకాశము నిర్మలమై, రాత్రులు తీవ్రమైన చలితో గడచినప్పుడు, నేలనంటిన మంచు సున్న డిగ్రీలకు చేరువగను ఉపరితలము మిక్కిలి శీతలముగను ఉండుటచేత, లోపలి ఆవిరి పైకి ప్రయాణించుచు రేణువులను కోణములుదేరిన, ఒకదానినొకటి అంటని స్ఫటికములుగ మార్చివేయును. పిదప పడమటి నుండి తుపాను వచ్చి క్రొత్తమంచును కుప్పించి, గాలి దానిని శిఖరమునకు ఆవలి ప్రక్కకు మోసి బిగువైన పలకగ పరచినచో, స్కీ తొడిగిన మనుజుని బరువు అడుగుపొరను ఒకచోట విరుచువరకు ఆ పలక నిలిచియుండును. విరుగుట యొకమారు ఆరంభమైనచో అది అడుగుపొర వెంట పరుగెత్తి వాలునంతను తెంచును. స్కీ ప్రయాణికుల ప్రాణములు గొన్న మంచుచరియలలో పదింట తొమ్మిది వారో వారి సహచరులో కదలించినవే.

మా ఊర మట్టిగోడలు పెట్టు వృద్ధుడొకడుండెడివాడు. ఒక వరుస వేసి, అది ఆరినదాక వేచి, వ్రేలి కణుపుతో తట్టి, చప్పుడు విని గాని రెండవ వరుస ఎత్తెడివాడు కాడు. పిల్లలము మేము చుట్టు చేరి, ఇంకను ఎన్నాళ్లు తాతా యని విసిగించినచో, గోడ చెప్పవలెను నాయనా అనెడివాడు. తడి యారని వరుసపై మరియొకటి పెట్టిన గోడ అచిరకాలముననే కూలును. కూలి, ఎక్కడ ఎందుకు కూలెనో తన మట్టిలోనే చూపును. అతని చేతికి జ్ఞానము వచ్చినది ఆ కూలిన గోడల వలననే. పుస్తకముల కన్న చేతిని నమ్ముట నాకు అతని యొద్ద అలవడినది.

మంచువాలు అట్లు నేర్పదు. విరుగదగిన వాలును దాటినవాడు అదృష్టవశమున అవతలికి చేరినచో, తన యెంపిక సరియైనదనియే తలచును, మరునాడును దాటును, ఆ దాటుటలన్నియు పోగై అనుభవమనిపించుకొనును. గోతిలోని పరీక్ష యైనను ఆ చోటి మాట చెప్పునే గాని, నాలుగడుగుల ఆవల పొర ఎట్లున్నదో చెప్పజాలదు. 2022 అక్టోబరు 4న ద్రౌపదీ కా దండా-2 శిఖరపు వాలున నెహ్రూ పర్వతారోహణ సంస్థ శిక్షణబృందముపై మంచు విరిగిపడి పాతికమందికి పైగా మరణించిరి. ఆ బృందపు శిక్షకులలో, అదే వత్సరము మే నెలలో ఎవరెస్టును మకాలును 16 దినముల వ్యవధిలో అధిరోహించిన సవితా కంస్వాల్ ఉండెను. ఆమె నైపుణ్యమును శంకింపగలవారెవరు? 2023 ఫిబ్రవరి 1న గుల్మార్గు పైనున్న అఫర్వత్ వాలున ఇద్దరు పోలండు దేశీయులు మరణించిరి. మంచుచరియల ఐదు శ్రేణుల ప్రమాదసూచిలో అధికమరణములు మిక్కిలి తీవ్రమైన ఐదవ శ్రేణినాడు కాదు, మూడవ శ్రేణినాడు సంభవించుచున్నవి. ఐదవనాడు ఎవ్వరును ఇల్లు కదలరు, మూడవనాడు ప్రతివాడును తన కంటిని నమ్ముకొని బయలుదేరును.

కావున ఈ ఒక్కచోట నేను చేతిని కాక అంకెను నమ్ముమందును. పలకలు జారు వాలులలో అధికభాగము 30, 45 డిగ్రీల నడుమనే యున్నవి. చిన్న కోణమాపకము బాలునికిని, ఇరువదేండ్లు తిరిగినవానికిని ఒకే అంకె చూపును. ముందటి రాత్రి పటము పరచుకొని 30 డిగ్రీలు దాటని, పైన నిటారు వాలు వ్రేలాడని మార్గమును బృందమంతయు నిశ్చయించుకొని, మరునాడు ఎండ యెంత మనోహరముగ కాసినను ఆ నిశ్చయమును తిరుగదోడకుండవలెను.

చేతికి పని లేదని కాదు. కప్పబడినవానిని మొదటి పది నిమిషములలో వెలికి తీసినచో బ్రతుకుటకు ఎంతయో ఆశ కలదు. అరగంట దాటినచో అది సగమునకు మిక్కిలి దిగువకు జారును. సంకేతము పంపు ట్రాన్సీవరను యంత్రమును సంచిలో పెట్టి మంచులో పూడ్చి, గడియారము పట్టి, సంకేతముతో వెదకి, ప్రోబను పొడవాటి కడ్డీతో పొడిచి, పారతో త్రవ్వుట: ఇది చేయి నిజముగ నేర్వగల విద్య, ఏలయన ఇందు జరిగిన పొరపాటు ఆ గడియారములోనే తెలిసిపోవును. గాలి హెచ్చి గుల్మార్గు తీగబండి (గోండోలా) నిలిచిపోయిన దినములను గదులలో టీ త్రాగుచు గడపక ఈ అభ్యాసమునకే వినియోగింపవలెను.